కేటలాగ్‌లో ఆరు పేర్లు

థెర్మోఫార్మింగ్ మెషీన్ కేటలాగ్ ఏది తెరిచినా ఎక్కడో ఒకచోట ఇలాంటి లైను ఒకటి కనిపిస్తుంది: "ఈ మెషీన్‌పై నడిచే మెటీరియల్స్: పీవీసీ, పీఎస్, పెట్, పీపీ, పీఈ, పీఎల్‌ఏ." ఆరు పేర్లు, మధ్యలో కామాలు. చూడటానికి ఆరూ అన్నదమ్ముల్లా ఒకే వరసలో నిలబడి ఉంటాయి. ఈ రోల్ దించి ఆ రోల్ ఎక్కిస్తే చాలు, పొద్దున పెట్ ట్రేలు, సాయంత్రం పీపీ డబ్బాలు వచ్చేస్తాయి అన్నట్టు. మన మాన్యుఫ్యాక్చరింగ్ క్లాసులోనూ దీని సంగతి అంతంత మాత్రమే. షీటు వేడి చేస్తారు, అచ్చు మీద పరుస్తారు, గాలి లాగేస్తారు. ఒక బొమ్మ, రెండు మార్కులు, అయిపోయింది.

ఆ కామాల మధ్య చాలా కథ ఉంది. ఆ లైను నమ్మి అప్పు చేయాలా వద్దా అని తేల్చుకోవాల్సిన మనిషిని పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ పుణ్యమా అని దగ్గరగా చూశాను కాబట్టి రాస్తున్నాను. హైదరాబాద్ శివార్లలో ఓ చిన్న యూనిట్. ఒకే మెషీన్, పదకొండు మంది పనివాళ్లు. ఒకప్పుడు పాలిస్టైరీన్, అంటే పీఎస్‌తో, ఫంక్షన్లలో వాడి పారేసే ప్లేట్లూ గిన్నెలూ చేసేవారు. 2021 ఆగస్టు 12న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, ట్రేలు మొదలైనవాటి మీద నిషేధం వచ్చింది. ఆ పని ఆగిపోయింది.

"పీఎస్ మానేసి పీపీతో ప్లేట్లు చేసుకోవచ్చుగా?" అని మా క్లాస్‌మేట్ ఒకడు అడిగాడు. కుదరదు. ఆ ప్లేట్లూ గ్లాసుల జాబితా రాసింది వస్తువుల పేర్లతో, ప్లాస్టిక్ రకాల పేర్లతో కాదు. ప్లేటు ఏ ప్లాస్టిక్‌తో చేసినా ప్లేటే. నిబంధనల ప్రకారం ధ్రువీకరణ ఉన్న కంపోస్టబుల్ రకాలకు మాత్రం మినహాయింపు. కాబట్టి ఆ యజమాని వస్తువునే మార్చుకోవాలి. పెరుగు కప్పులు, మూతలున్న కూర డబ్బాలు లాంటి ప్యాకేజింగ్ వైపు చూశాడు. కర్రీ పాయింట్‌లకు వేడి వేడి కూర పోసే డబ్బా కావాలి. వేడికి ఆగాలంటే పీపీ. కేటలాగ్‌లో పీపీ అనే రెండక్షరాలు ఉండనే ఉన్నాయి. "ఏం ఇంజనీరు గారూ, మరి మన మెషీన్ లాగుతుందా?" అని నన్ను అడిగేవాడు, సగం వేళాకోళంగా, సగం నిజంగా.

లక్క, నెయ్యి

మెషీన్ పని రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఒక చివర ప్లాస్టిక్ షీటు రోల్ ఉంటుంది. రెండు పక్కలా సైకిల్ చైన్ లాంటి పొడవాటి చైన్లు, వాటికి మేకుల్లాంటి ముళ్లు. ఆ ముళ్లు షీటు అంచుల్ని పొడిచి పట్టుకుని ముందుకు లాక్కెళ్తాయి. మొదట హీటర్ల గది. పైనా కిందా హీటర్లు ఉంటాయి, షీటు వాటిని తాకకుండా మధ్యలో వెళ్తుంది. తర్వాత అచ్చు. మెత్తబడిన షీటును కింద నుంచి వాక్యూమ్ లాగుతుంది, లేదా పై నుంచి గాలి ఒత్తుతుంది. లోతైన కప్పయితే ముందు ప్లగ్ అనే దిమ్మ ఒకటి షీటును మధ్యలో కిందికి నెడుతుంది. అచ్చులో చల్లటి నీళ్లు తిరుగుతుంటాయి. చల్లారాక కత్తిరింపు, పేర్చడం. అంతే.

ఇందులో ప్లాస్టిక్ చేయాల్సిన పని ఒక్కటే: కరగకుండా మెత్తబడటం. వినడానికి చిన్న మాటే. కానీ ఏ ప్లాస్టిక్ ఈ మెషీన్‌కు లొంగుతుంది, ఏది సతాయిస్తుంది అన్నదంతా ఈ మాటలోనే ఉంది.

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్లను గమనించారా? లక్క ముద్దను నిప్పుల సెగకు తిప్పుతూ ఉంటే అది మెల్లగా మెత్తబడుతుంది. గట్టి లక్క, వంగే లక్క, సాగే లక్క, కారే లక్క అని వరసగా దశలుంటాయి. ఏ దశలో ఆపాలో ఆ చేతులకు తెలుసు, ఆపడానికి తీరిక కూడా ఉంటుంది. నెయ్యి అలా కాదు. చలికాలం పేరుకున్న నెయ్యి గిన్నెను పొయ్యి పక్కన పెట్టండి. గడ్డగా ఉంటుంది, ఉంటుంది, చూస్తుండగానే నూనె అయిపోతుంది. మధ్యలో దాన్ని పట్టుకుని గాజులా వంచడానికి వ్యవధి ఉండదు.

ప్లాస్టిక్‌లలోనూ ఈ రెండు జాతులున్నాయి. అణువుల గొలుసులు చిందరవందరగా, కలిపిన సేమియాలా పడి ఉంటే దాన్ని అమార్ఫస్ అంటాం. పీఎస్, పీవీసీ, షీటుగా తీసిన మామూలు పెట్ ఈ కోవలోకి వస్తాయి. వీటికి గాజు దశ దాటే ఉష్ణోగ్రత ఒకటి ఉంటుంది. అది దాటాక లక్కలాగా క్రమంగా మెత్తబడతాయి. గొలుసుల్లో కొంత భాగం మడతపెట్టిన చీరలా క్రమంగా సర్దుకుని ఉంటే సెమీ క్రిస్టలైన్. పీపీ, పీఈ ఇవి. ఆ మడతలు విడేదాకా గట్టిగానే ఉంటాయి, విడగానే జారిపోతాయి. నెయ్యి జాతి.

అసలు ఈ ఆటకే రాని మూడో రకం కూడా ఉంది. మెలమైన్ ప్లేట్లు, బేకలైట్ స్విచ్‌లు. ఇవి థెర్మోసెట్‌లు. ఇడ్లీ ఉడికాక మళ్లీ పిండి కాదు కదా, ఇవీ అంతే. వేడి చేస్తే మాడతాయి తప్ప మెత్తబడవు. ఏ మెషీన్ కేటలాగ్‌లోనూ వీటి పేరు ఉండదు.

హీటర్ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఫస్టియర్ ఫిజిక్స్‌లో వీన్ సూత్రం ఎందుకు చదివామా అనుకున్నవాళ్లకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. ఈ ప్లాస్టిక్‌లన్నిటిలో ఉండే కార్బన్-హైడ్రోజన్ బంధం 3.4 మైక్రాన్ల దగ్గరి పరారుణ కిరణాల్ని బాగా పీల్చుకుంటుంది. 2898ని 3.4తో భాగిస్తే సుమారు 852 కెల్విన్, అంటే 580 డిగ్రీల సెల్సియస్ కాస్త అటూ ఇటూ. సిరామిక్ హీటర్ల ఉపరితలం తిరిగేది ఆ చుట్టుపక్కలే. హీటర్ 500 డిగ్రీల పైన ఉన్నా షీటు 150 దగ్గర ఉండటానికి కారణం షీటు లోపల గడిపే సెకన్లు. ఆ సెకన్లే మొత్తం వ్యవహారం.

సాధువు పీఎస్

అమార్ఫస్ వాటిలో అన్నిటికంటే సాధువు పీఎస్. గాజు దశ దాటేది సుమారు 100 డిగ్రీల దగ్గర. ఇంచుమించు 130 నుంచి 180 వరకు ఎక్కడ ఆపినా ఏదో ఒక రూపం వస్తుంది. ప్యాకేజింగ్‌లో వాడేది ఎక్కువగా హిప్స్, అంటే కొంచెం రబ్బరు కలిపిన పీఎస్. మామూలు పీఎస్ పెళుసు, రబ్బరు ఆ పెళుసుతనాన్ని తగ్గిస్తుంది, తగ్గించినందుకు పారదర్శకత పోతుంది. హీటర్లలో రెండు సరిగా పనిచేయకపోయినా, కరెంటు కాస్త ఊగినా హిప్స్ సర్దుకుపోతుంది. పాత మెషీన్లు, కొత్త ఆపరేటర్లు దీనితో బతికేస్తారు. పెళుసుతనం కూడా ఒక్కోచోట గుణమే. విదేశాల్లో నాలుగు పెరుగు కప్పులు అతికి ఉండే ప్యాక్‌లు వస్తాయి, ఒక కప్పును వంచితే టక్కున విరిగి విడిపోతుంది. ఆ 'టక్కు' పీఎస్ ఇచ్చినంత శుభ్రంగా మరొకటి ఇవ్వడం కష్టం.

దీని బలహీనత మన వంటింట్లోనే ఉంది. నూనె. ఒత్తిడి మిగిలిపోయిన మూలల్లో నూనె, కొవ్వు చేరితే పీఎస్‌కు సన్నటి పగుళ్లు వస్తాయి. ఆవకాయ లాంటిది నెలల తరబడి నిలవ ఉంచడానికి ఇది పనికిరాదు. మరిగే కూర పోసినా మెత్తబడుతుంది. మా యజమాని సమస్య మొదలైంది ఇక్కడే.

పీపీ పెట్టిన పరీక్ష

ఆయన ఒక రోల్ పీపీ షీటు తెప్పించి ట్రయల్ వేయించాడు. మూడు రోజులు నేను నోట్‌బుక్ పట్టుకుని పక్కనే ఉన్నాను. నా ఇంటర్న్‌షిప్ మొత్తంలో నేర్చుకున్నది చాలావరకు ఆ మూడు రోజుల్లోనే.

మొదటి తకరారు షీటు హీటర్ల దాకా కూడా వెళ్లకముందే వచ్చింది. చైన్ ముళ్లు పీపీలో సరిగా దిగలేదు. హిప్స్‌లో పుటుక్కున దిగే ముళ్లు, గట్టిగా సాగే పీపీ దగ్గర జారిపోతున్నాయి. పీపీ కోసం తయారైన మెషీన్లలో షీటు అంచుల్ని ముందే కొంచెం వేడి చేసే ఏర్పాటు ఉంటుంది. దీనికి లేదు. ఆపరేటర్ అన్న చిన్న హీటర్ ఒకటి తాత్కాలికంగా కట్టి ఆ గండం దాటించాడు.

తర్వాత వేడి. హోమోపాలిమర్ పీపీ స్ఫటికాలు 160-165 డిగ్రీల దగ్గర కరుగుతాయి. పలచటి కప్పుల కోసం ఆ గీతకు కొంచెం కిందే, స్ఫటికాలు పూర్తిగా విడిపోకముందే పట్టుకుని అచ్చులోకి నొక్కే పద్ధతి ఒకటి ఉంది. ఎలా చేసినా చేతిలో ఉండే వ్యవధి కొద్ది డిగ్రీలే. హిప్స్‌కు 40, 50 డిగ్రీల మైదానం ఉంటే పీపీది పొలం గట్టు. గట్టుకు ఇవతల షీటు మొండిగా ఉండి మూలలు దిగవు. అవతల అడుగుపెడితే ఉయ్యాలలా వేలాడి కింది హీటర్ల మీదకు జారుతుంది. మన అమ్మమ్మలు అరిసెల పాకం చూసేటప్పుడు పొయ్యి దగ్గర నుంచి కదలరు, ఎవరైనా పలకరిస్తే విసుక్కుంటారు. ఆపరేటర్ అన్న ముఖం ఆ మూడు రోజులూ అలాగే ఉంది.

వేడి చేయడానికి పట్టే కాలం కూడా ఎక్కువే. గది ఉష్ణోగ్రత దగ్గర పీపీ విశిష్టోష్ణం కిలోకు డిగ్రీకి సుమారు 1.9 కిలోజౌళ్లు, పీఎస్‌ది 1.3 దగ్గర. పైగా పీపీలో స్ఫటికాల్ని విడదీయడానికి వేరే వేడి పోయాలి. స్థూలంగా లెక్కేస్తే కిలోకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు వేడి కావాలి. పోసిన వేడినంతా అచ్చులో మళ్లీ బయటికి తీయాలి. దాంతో నిమిషానికి పడే దెబ్బలు తగ్గాయి. అదే కరెంటు, అదే కూలీ, తక్కువ డబ్బాలు.

ఇంకో సంగతి ఒత్తిడి. ఆ మెషీన్ వాక్యూమ్‌తో మాత్రమే పనిచేస్తుంది. వాక్యూమ్ ఎంత గొప్పదైనా వాతావరణ పీడనాన్ని మించి లాగలేదు, అంటే సుమారు 1 బార్. లోతు తక్కువ ప్లేట్లకు, అదీ హిప్స్‌కు, అది చాలు. సగం మొండిగా ఉన్న పీపీని లోతైన డబ్బాలోకి నొక్కాలంటే పై నుంచి నాలుగైదు బార్ల గాలి కావాలి. ఆ ఒత్తిడికి అచ్చు తెరుచుకోకుండా పట్టే ఫ్రేము బలం వేరు. ఇది బోల్టులు మార్చి సరిదిద్దే విషయం కాదు.

లోతు అంటే గుర్తొచ్చింది, చిన్న లెక్క. నిటారు గోడల కప్పు అనుకుందాం, మూతి వ్యాసమెంతో లోతూ అంతే. మూతి వైశాల్యంతో పోలిస్తే కప్పు మొత్తం ఉపరితలం, అడుగుతో కలిపి, సరిగ్గా 5 రెట్లు. కావాలంటే వేసి చూడండి. అంటే 1 మిల్లీమీటరు షీటు వాడితే సగటు గోడ 0.2 మిల్లీమీటర్లే. అది సగటు మాత్రమే, అడుగు మూలల్లో ఇంకా పలచన. వేడి అన్నిచోట్లా ఒకేలా లేకపోతే ఆ పలచన మూల చిరుగుతుంది. మైదానంలో నడిచే హిప్స్ ఈ తేడాను క్షమిస్తుంది. గట్టు మీది పీపీ క్షమించదు.

ఇవన్నీ ఎలాగో గట్టెక్కాయే అనుకుందాం. అసలు దెబ్బ మూత దగ్గర తగిలింది. చల్లారేటప్పుడు పీపీ గొలుసులు మళ్లీ మడతల్లోకి సర్దుకుంటాయి, సర్దుకుంటూ ముడుచుకుంటాయి. హిప్స్ అచ్చు కొలతలో అర శాతం చుట్టుపక్కల ముడుచుకుంటే పీపీ ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా ముడుచుకుంటుంది. 100 మిల్లీమీటర్ల మూతికి పీఎస్ డబ్బా 99.5 వస్తే, అదే అచ్చులో పీపీ డబ్బా 98 నుంచి 98.5. మిల్లీమీటరు పైగా తేడా. మూత బిగించే చోట మిల్లీమీటరంటే చాలా ఎక్కువ, కూర స్కూటర్ డిక్కీలో ఒలికిపోతుంది. కాబట్టి పీఎస్ కోసం చెక్కిన అచ్చులు పీపీకి పనికిరావు. మెషీన్ కొత్తది కొనక్కర్లేదేమో గానీ, అచ్చు, ప్లగ్, చివరికి కత్తిరించే డై కూడా కొత్తవే కావాలి. ఎందుకంటే పెళుసు హిప్స్‌ను బ్లేడు ఒక్క నొక్కుకు తెంచుతుంది, పీపీ మాత్రం అంచున దారాలు దారాలుగా సాగుతుంది. దానికి మగ, ఆడ భాగాలు కచ్చితంగా కూడే ఉక్కు డై ఉండాలి.

ఇవన్నీ కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టాం. చాలాసేపు చూసి, "అయితే కేటలాగ్‌లో రాసింది అబద్ధమా?" అన్నాడు. అబద్ధం కాదు. పీపీ ఆ మెషీన్ మీద నడిచింది, మేమే నడిపాం. నడవడం వేరు, నాలుగు రూపాయలు మిగిలేలా నడవడం వేరు. కేటలాగ్ రాసేవాళ్లకు మొదటిది చాలు.

ఆయన పీపీ డబ్బాల ఆలోచన మానుకున్నాడు. హిప్స్‌లోనే ఉండి, మిరప, టమాటా నారు పెంచే నర్సరీలకు కావలసిన నల్లటి ప్రో-ట్రేల ఆర్డర్లు పట్టుకున్నాడు. 98 గుంటలుండే ఆ ట్రేలు మన నర్సరీల్లో ఎక్కడైనా కనిపిస్తాయి. గుంటల లోతు తక్కువ, మూత గొడవ లేదు, వేడి కూర పోసేదీ లేదు. అచ్చు కొత్తదే చేయించాలి గానీ మెషీన్‌కు తెలిసిన ప్లాస్టిక్. నా అభిప్రాయంలో ఉన్న పరిస్థితుల్లో అంతకంటే మంచి నిర్ణయం లేదు. పదకొండు మందీ పనిలో ఉన్నారు.

పెట్, పీవీసీ, మిగతావి

పెట్ పరిస్థితి తమాషాగా ఉంటుంది. స్వభావరీత్యా అది స్ఫటికాలు కట్టగలదు, కరిగేది 250 డిగ్రీల పైన. కానీ షీటుగా తీసేటప్పుడు గబుక్కున చల్లారిస్తే మడతలు పడే తీరిక దొరక్క గాజులా పారదర్శకంగా ఉండిపోతుంది. అప్పుడది లక్క జాతి. గాజు దశ దాటేది 70-80 డిగ్రీల మధ్య, కాబట్టి త్వరగా మెత్తబడుతుంది, కరెంటు ఆదా. అయితే హీటర్ల కింద ఎక్కువసేపు ఉంచితే ఆ దొరకని తీరిక దొరికేస్తుంది. స్ఫటికాలు మొదలై షీటు పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. కేక్ డబ్బాలు, పండ్ల డబ్బాలు పెట్‌వే ఎక్కువ. అద్దంలా మెరుస్తాయి, కానీ వేడి సాంబారు పోస్తే ముడుచుకుపోతాయి. 75 డిగ్రీల దగ్గర మెత్తబడేదాన్ని 90 డిగ్రీల సాంబారుకు ఒప్పజెప్పడం మన తప్పే.

ఆ తెల్లబడటాన్నే కావాలని చేయిస్తే సీపెట్ అవుతుంది. స్ఫటికాలు త్వరగా కట్టే మందు కలిపి, చల్లటి అచ్చుకు బదులు 160 డిగ్రీల పైన కాగే అచ్చులో కాసేపు పట్టి ఉంచుతారు. ఆ ట్రే ఓవెన్‌లో 200 డిగ్రీలకు కూడా నిలుస్తుంది. ఒకే ప్లాస్టిక్, అచ్చు చల్లగా ఉంటే కేక్ డబ్బా, వేడిగా ఉంటే ఓవెన్ ట్రే. వేడి అచ్చు సదుపాయం లేని మెషీన్ కేటలాగ్‌లోనూ "పెట్" అనే రాస్తారు, ఏ పెట్ అని అడగాల్సింది మనమే. షీటు తయారీలో తడి కూడా పెట్‌కు శత్రువు. ఆరబెట్టకుండా కరిగిస్తే నీటి అణువులు గొలుసుల్ని తెంచేస్తాయి, షీటు పెళుసవుతుంది.

పెట్ వాడేవాళ్లు మరో లెక్క కూడా చూసుకోవాలి. ప్లాస్టిక్ కొనేది కిలోల్లో, వాడేది వైశాల్యంలో. 20 సెంటీమీటర్లు పొడవు, 15 వెడల్పు, అర మిల్లీమీటరు మందం షీటు ముక్క ఘనపరిమాణం 15 ఘన సెంటీమీటర్లు. పీపీ సాంద్రత 0.90 కాబట్టి అది 13.5 గ్రాములు. పీఎస్ 1.05 కాబట్టి దాదాపు 15.8. పెట్ సుమారు 1.34 కాబట్టి 20 గ్రాములు. కిలో ధర ఒకటే అయినా ట్రే ధర ఒకటి కాదు. దీనికి తోడు కత్తిరించాక మిగిలే జల్లెడ. గుండ్రటి మూతుల్ని చదరపు వరసల్లో, ఒకదానికొకటి తాకేంత దగ్గరగా పేర్చినా షీటులో 21.5 శాతం మిగిలిపోతుంది. ఖాళీలు, అంచులు కలిపితే ఇంకా ఎక్కువ. ఒకే రకం ప్లాస్టిక్ అయితే దాన్ని ముక్కలు చేసి మళ్లీ షీటులో కలుపుతారు. నైలాన్, పీఈ పొరలు అతికించిన షీట్లయితే విడదీయడం కష్టం. మాంసం, చీజ్ వాక్యూమ్ ప్యాక్ చేసే మెషీన్లు వాడేది అలాంటి షీట్లే. నైలాన్ ఆక్సిజన్‌ను ఆపుతుంది, పీఈ సీలు పడుతుంది. కేటలాగ్‌లో పీఈ పేరు ఎక్కువగా ఉండేది ఇలా మరొకదాని పొరగానే.

ఇక పీవీసీ. హైదరాబాద్‌లో చదువుతూ దీని ఊసెత్తకపోతే బాగుండదు, ఎందుకంటే ఇక్కడి మందుల ఫ్యాక్టరీల్లో తిరిగే బ్లిస్టర్ మెషీన్లు కూడా థెర్మోఫార్మింగ్ మెషీన్లే. జ్వరం మాత్రల స్ట్రిప్‌లో పారదర్శకంగా బుడగల్లా ఉండేవి చాలావరకు 250 మైక్రాన్ల పీవీసీ. రోల్ నుంచి షీటు వస్తుంది, వేడి పలకల మధ్య మెత్తబడుతుంది, గాలితో గుంటలు పడతాయి, మాత్రలు రాలతాయి, పైన అల్యూమినియం రేకు అతుక్కుంటుంది. మెత్తబడటంలో, రూపం నిలుపుకోవడంలో, సీలు పట్టడంలో పీవీసీ మంచి పిల్లాడు. చెమ్మను ఆపడంలో మాత్రం బలహీనుడు, అందుకే చెమ్మకు పాడయ్యే మాత్రలకు పీవీడీసీ పూత పూసినది వాడతారు. ఎక్కువ వేడి చేస్తే ఇది కరగడానికి ముందే కుళ్లుతుంది, హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది. ఆ ఆమ్లపు ఆవిరి ఉక్కు అచ్చుల్ని తినేస్తుంది, మనుషుల గొంతుల్నీ వదలదు. పెట్ రీసైక్లింగ్‌లో పొరపాటున పీవీసీ ముక్కలు పడినా ఇదే గొడవ, పెట్ కరిగే వేడికి పీవీసీ మాడి మొత్తం సరుకును పసుపు చేస్తుంది. రెండూ పైకి ఒకేలా మెరవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

రెండు పక్కలా వెండిలా మెరిసే అలూ-అలూ స్ట్రిప్‌లు చూసి ఇవి కూడా అదే పద్ధతి అనుకోకండి. అక్కడ వేడి లేదు. నైలాన్, అల్యూమినియం, పీవీసీ పొరల రేకును చల్లగానే దిమ్మతో నొక్కి సాగదీస్తారు. అందుకే ఆ గుంటలు వెడల్పుగా, స్ట్రిప్ పెద్దదిగా ఉంటుంది.

చివరి పేరు పీఎల్‌ఏ. మొక్కజొన్న, చెరకు లాంటివాటి చక్కెరల నుంచి వచ్చే ప్లాస్టిక్. మెషీన్ మీద బంగారం, తక్కువ వేడికే చక్కగా దిగుతుంది. గాజు దశ దాటేది 55-60 డిగ్రీల దగ్గర. మే నెల మధ్యాహ్నం రెంటచింతల ఎండలో తలుపులు మూసి నిలిపిన లారీ లోపల అంత వేడి పుట్టడం పెద్ద విషయం కాదు. విచిత్రమేమిటంటే అది బాగా కంపోస్ట్ కావాలన్నా దాదాపు అంతే వేడి ఉండే పారిశ్రామిక కంపోస్ట్ గుట్ట కావాలి. ఇంటి వెనక ఎరువు గుంటలో వేసి కరిగిపోతుందని ఎదురుచూస్తే లాభం లేదు.

హాస్టల్ గదిలో ల్యాబ్

డబ్బా ఏ ప్లాస్టిక్‌దో తెలియడానికి అడుగున త్రికోణంలో అంకె చూడటం అందరికీ తెలుసు. 1 పెట్, 3 పీవీసీ, 5 పీపీ, 6 పీఎస్, 7 అంటే ఇతరాలు. అంకె చెరిగిపోతే ఒక బకెట్ నీళ్లు, కాస్త ఉప్పు చాలు. డబ్బా నుంచి చిన్న ముక్క కత్తిరించి, గాలి బుడగలు అంటుకోకుండా సబ్బు చేత్తో తుడిచి నీళ్లలో ముంచి వదలండి. తేలితే పీపీ గానీ పీఈ గానీ. మునిగితే నీళ్లలో ఉప్పు కలపడం మొదలుపెట్టండి, ఇక కరగదు అనేదాకా. ఆ నీటి సాంద్రత 1.2 దాకా పోతుంది. 1.05 ఉన్న పీఎస్ పైకి లేస్తుంది, పెట్, పీవీసీ అడుగునే ఉంటాయి. నురుగు షీటుతో చేసిన థర్మోకోల్ ప్లేటు ముక్కను మాత్రం ఈ పరీక్షకు తేకండి, అందులో ఉన్నది చాలావరకు గాలే.

అడుగున మిగిలిన రెండిటినీ విడదీయడానికి ఎర్రగా కాల్చిన రాగి తీగను ముక్కకు తాకించి మళ్లీ మంటలో పెట్టే పరీక్ష ఉంది, పీవీసీ అయితే మంట ఆకుపచ్చగా మారుతుంది. అది కెమిస్ట్రీ ల్యాబ్‌లో, ఫ్యూమ్ హుడ్ కింద, మేడమ్ ఉన్నప్పుడు చేయండి. గదిలో వద్దు.

ఇంకో సరదా పరిశీలన. మన మెస్ పార్సిళ్లలో వచ్చే డబ్బాలన్నీ థెర్మోఫార్మింగ్‌వి కావు. డబ్బా తిరగేసి అడుగు మధ్యలో చిన్న చుక్కలాంటి మచ్చ కోసం వెతకండి. ఉంటే కరిగిన ప్లాస్టిక్‌ను అక్కడి నుంచి లోపలికి పంపారన్నమాట, అది ఇంజెక్షన్ మోల్డింగ్. మచ్చ లేకుండా, అడుగు మూలలు మూతి అంచుకంటే బాగా పలచగా ఉండి, అంచు కత్తిరించిన గుర్తు తెలుస్తుంటే అది షీటు నుంచి వచ్చింది. మూలను వెలుతురుకు ఎత్తి చూస్తే షీటు ఎక్కడెక్కడ ఎంత సాగిందో కనిపిస్తుంది. నిన్న రాత్రి మా గదికి వచ్చిన బిర్యానీ డబ్బాకు చుక్క ఉంది, పక్కన రైతా కప్పుకు లేదు.